పక్కకి చూడని అమ్మోరు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఉద్యోగమంటే దానికొక గేటు ఉండాలి, గేటు దగ్గర చూపించడానికి పాసు ఉండాలి, లోపల క్యాంటీన్ ఉండాలి. ఇవేవీ లేనిది ఎంత గొప్ప పనైనా మా నాన్న దృష్టిలో కాలక్షేపం కిందే జమ. ఆయన గోదావరి జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగానికి వచ్చి, సీతమ్మధారలో కాపురం పెట్టి, ఈ ఊరి గాలికీ, ఎండకీ, ఎత్తుపల్లాల రోడ్లకీ అలవాటు పడిపోయారు. పడనిది ఒక్క చేపల దగ్గరే. (సముద్రంలో దొరికేది చేప కాదనీ, చేపలా కనిపించే ఇంకేదో అనీ ఆయన అభిప్రాయం. ఆ సంగతి మార్కెట్లో చేపలమ్మే ఆవిడకి కూడా చెప్పేవారు. అందుకే మా ఇంట్లో ఆదివారం ఎక్కువగా కోడికూరే.) అలాంటి మనిషి కొడుకు కాలేజీలో బొమ్మలు గీయడం చదువుకుని, చదువు అయ్యాక మద్దిలపాలెం డిపో వెనక సందులో ఒక గాజు షెడ్డులో చేరాడు. ఆ కొడుకుని నేనే.

షెడ్డు అన్నానని మా గురువుగారికి తెలిస్తే బాధపడతారు. బోర్డు మీద ‘గ్లాస్ స్టూడియో’ అనే ఉండేది. బోర్డు కిందికి చూపు దించితే మాత్రం రేకుల కప్పు, ఎప్పుడూ తడిగా ఉండే నేల, గోడకి ఆనించిన అద్దాలు, వరసగా సానచక్రాలు, ఒక్కో చక్రం మీదికి చుక్కచుక్కగా నీళ్ళు వదిలే గొట్టాలు కనిపించేవి. గురువుగారు విజయనగరం అవతల ఒక పల్లెలో రైతుల ఇంట పుట్టి, నాగలి పట్టాల్సిన చేత్తో గాజు పట్టుకున్న మనిషి. పూజగది తలుపులకి నెమళ్ళు, తామరపూలు చెక్కేవారు. రిటైరైన ఆఫీసర్లకి ఇచ్చే గాజు జ్ఞాపికలు చేసేవారు. మాట్లాడటం తక్కువ. నేను చేరిన రోజు ఆయన నాకు బోధించిన విద్య అంతా కలిపి ఒకటే మాట: “తడి సూసుకో.” గాజు అరగదీసేటప్పుడు తడి ఆరితే వేడెక్కి పగులుతుంది కాబట్టి ఆ మాట నిజమే. కానీ అన్నం తినేటప్పుడు, స్కూటర్ స్టార్ట్ చేసేటప్పుడు కూడా ఆయన అదే చెప్పేవారు. నేను రెయిన్‌కోటు, రబ్బరు బూట్లు వేసుకుని నడి వేసవిలో మద్దిలపాలెం జంక్షన్‌లో టీ తాగడానికి వెళ్తే, జనం ఆకాశం వైపు చూసేవాళ్ళు.

పని చెప్పుకోవడానికి తేలిక. కట్టర్‌ని కిరోసిన్‌లో ముంచి గాజు మీద ఒకే గీత గీయాలి. ఆ గీత గీసేటప్పుడు వచ్చే చప్పుడు పట్టుబట్ట చింపినట్టు ఉండాలి. తర్వాత కింద చిన్నగా తట్టి రెండు చేతులతో వంచితే, గాజు మనం చెప్పిన చోట విరుగుతుంది. (నాకు చాలాకాలం తను అనుకున్న చోట విరిగేది.) ఆ మీదట గరుకు చక్రం మీద అంచులు అరగదీయాలి, బొమ్మ కావాలంటే సన్న చక్రాలతో లోతుగా తొలచాలి. తొలిచిన చోటంతా పొగమంచు పట్టినట్టు తెల్లగా అయిపోతుంది. అక్కడ మళ్ళీ మెరుపు రావాలంటే, లేత ఇటుకరంగు పొడిని నీళ్ళలో కలిపి, ఉన్ని నొక్కి చేసిన మెత్తని నమదా చక్రానికి పూసి ఓపిగ్గా మెరుగు పెట్టాలి. ఇందులో ఒక తిరకాసు ఉంది. బొమ్మని చెక్కేది గాజు వెనక వైపు, చూసేది ముందు వైపు. అంటే మనం తవ్వేది గుంట, చూసేవాడికి కనిపించేది ఉబ్బెత్తు బొమ్మ. పని పూర్తయ్యేదాకా గాజుని ముందుకు తిప్పి చూడకూడదని గురువుగారి షెడ్డులో కట్టుబాటు. మధ్యలో తిప్పి చూసినవాడికి తొందర పుడుతుందనీ, తొందర పుట్టిన చేతిలో గాజు నిలవదనీ అనేవారు. వేలితో తడుముతూ లోతు తెలుసుకోవడమే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆయన ముఖాలు చెక్కేవారు కాదు. నెమలి చెక్కుతారు, ఏనుగు చెక్కుతారు, కలశం చెక్కుతారు. మనిషి ముఖం గానీ దేవుడి ముఖం గానీ అడిగితే, “ముకం సేత్తే తగువొత్తాది” అని ఆర్డరు వదులుకునేవారు. ఏం తగువు అంటే చెప్పేవారు కాదు.

ఇలా నేను తడి చూసుకుంటూ ఉండగా మా నాన్న ఒకరోజు బ్యాంకు పరీక్షల పుస్తకం కొని తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టారు. దాన్ని ఎత్తిపెట్టడానికి ఆయనకి రెండు చేతులూ కావాల్సొచ్చాయి. “ఒరేయ్, నేనేం మూర్ఖుణ్ణి కాదు. ఉగాది దాకా చూస్తాను. నీ చేత్తో నువ్వు చేసింది, ఒక చోట బిగించింది, జనం రోజూ చూసేది, ఒక్కటంటే ఒక్కటి నాకు చూపించు. చూపిస్తే ఆ గాజులోనే ఉండు. లేదంటే ఉగాది మర్నాటి నుంచి కోచింగ్‌కి వెళ్ళు” అన్నారు. అప్పటిదాకా నేను చేసినవన్నీ గురువుగారి నెమళ్ళ అంచులు. అంచులు చూపిస్తే మా నాన్న ఒప్పుకునే రకం కాదు.

మా అమ్మ ఈ విషయంలో ఏమీ అనలేదు. చూసింది. ఇక్కడ మా అమ్మ చూపు గురించి కాస్త చెప్పుకోవాలి. ఆవిడ ఎవర్నీ తిట్టదు, గొంతు పెంచదు. నిలబడి చూస్తుంది, అంతే. ఆ చూపు పడ్డాక, పాలవాడు ఎవరూ అడక్కుండానే నీళ్ళు కలపలేదని ప్రమాణం చేశాడు. పెళ్ళికొచ్చిన చుట్టాలబ్బాయి చేతిలోని రెండో లడ్డూ దానంతట అదే పళ్ళెంలోకి వెళ్ళిపోయింది. నాన్న సిగరెట్లు మానేసి చాలాకాలమైంది. అధికారికంగా. రోజూ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, నోటినిండా సోంపు నములుతూ గుమ్మంలో ఆగి, ఎవరూ ఏమీ అడక్కుండానే, “ఆఫీసులో ఎవరో కాల్చారు, ఆ పొగ చొక్కాకి పట్టేసింది” అనేవారు. అమ్మ చూసేది. నాన్న ఎడంపక్కకి జరిగి చెప్పులు విప్పేవారు. అమ్మ చూపూ అటే జరిగేది. కుడిపక్కకి జరిగి గొడుగు తగిలించేవారు. చూపు ఇటొచ్చేది. ఆఖరికి ఆయన నేల చూసుకుంటూ బాత్రూంలోకి వెళ్ళిపోయేవారు. నా చిన్నప్పటి నుంచీ మా ఇంటి సాయంత్రం ఇదే.

ఉగాది దగ్గర పడుతున్న రోజుల్లో మా షెడ్డుకి ఒక సరంగు వచ్చాడు. సరంగంటే బోటు నడిపే పెద్ద. ఫిషింగ్ హార్బర్‌లో ఆయనకి సొంత మరబోటు ఉంది. గుమ్మంలో పట్టనంత భుజాలు, చిన్న గొంతు. గురువుగారికీ ఆయనకీ ఎప్పటి నుంచో పరిచయం.

“బావా, బోటులో గంగమ్మతల్లి పటం ఎట్టినా నిలవట్నేదు. ఉప్పుగాలికి కాయితం ఉబ్బిపోతంది. మొన్న సూత్తే అమ్మోరి ముకం మీద బూజు. గాజులో సేసి ఇయ్యి. స్టీరింగ్ కాడ, అద్దం పైన బిగించుకుంతాను.”

“ముకాలు నాను సెయ్యను బావ. తెలుసు గదా.”

“మరెవులు సేత్తారు?”

గురువుగారు నా వైపు తలతిప్పారు. ఇప్పటికీ నాకు తెలియదు, అది నా మీద నమ్మకమో, వచ్చే తగువేదో కుర్రాడికి రానీ అనో. “ఈడు బొమ్మల సదువు సదివినాడు” అన్నారు.

సరంగు నన్ను బూట్ల దగ్గర్నుంచి చూశాడు. “తమ్ముడూ, ముకం గట్టిగా ఉండాల. మా కళాసీలు ఉన్నారు, బోటు మీద పనిసేసే కుర్రోళ్ళు, ఆళ్ళకి బయం నేదు. అమ్మోరు ఉన్నాదని తెలియాల. అంతే.”

“తెలుస్తుంది అన్నా” అన్నాను. నా జీవితంలో నేను నిలబెట్టుకున్న మాటల్లో అది మొదటిది.

మందపాటి గాజు పలక తీసుకుని, కోసి, అంచులు అరగదీసి, వెనక వైపు చెక్కడం మొదలుపెట్టాను. కిరీటం తేలిగ్గానే వచ్చింది. నగలు ఇంకా తేలిక, చుక్కలు తప్ప ఏమీ కావు. ముఖం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. పుస్తకాల్లో చూసిన దేవతల ముఖాలన్నీ ఒకేలా నవ్వుతున్నాయి. ఆ నవ్వు చూసి భయపడే కళాసీ ఎవడూ ఉండడనిపించింది. భయం పుట్టించే ముఖం అంటే ఎలా ఉంటుందా అని ఆలోచించాను, ఆలోచించడం మానేశాక చెయ్యి దానంతట అది నడిచింది. నీళ్ళు కారుతుంటే కనిపించేది ఏమీ లేదు, వేలి కింద లోతు తెలుస్తోంది. కనుబొమలు, ముక్కు, బిగించిన పెదవులు. బాగా లోతుగా తవ్వాను. అన్నీ అయ్యాక నాకొక ఆలోచన వచ్చింది. ముఖమంతా తెల్లగా మంచుపట్టినట్టే వదిలేసి, రెండు కళ్ళకి మాత్రం మెరుగు పెడితే ఎలా ఉంటుంది? అంత చిన్న గుంటల్లో మెరుగు పెట్టడం ఎవరూ చేయరు. అగ్గిపుల్ల కొసకి నమదా ముక్క చుట్టి, పొడి అద్ది, రోజుల తరబడి తిప్పుతూ కూర్చున్నాను. ఆఖరికి ఆ కళ్ళలోంచి అవతల గోడ కనిపించేటంత తేటగా అయ్యాయి. కట్టుబాటు ప్రకారం అప్పటిదాకా తిప్పి చూడలేదు. గురువుగారు వచ్చి, పలక కడిగి, తిప్పి, వెలుతురుకి పట్టుకున్నారు. ఎడంపక్కకి ఒక అడుగు వేశారు. కుడిపక్కకి ఒక అడుగు వేశారు. “ఊఁ” అన్నారు. చేతులు కడుక్కుని, ఎప్పుడూ లేనిది, ఆ రోజు త్వరగా ఇంటికి వెళ్ళిపోయారు.

హార్బర్‌లో బోటు కేబిన్‌లో, స్టీరింగ్ ఎదురుగా ఉండే కిటికీ అద్దానికి ఆనించి, పై భాగంలో పలకని బిగించారు. కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు. వెనక నుంచి పగటి వెలుతురు పడి అమ్మోరు తెల్లగా వెలిగిపోతుంటే కళాసీలందరూ పైకి మడిచి కట్టిన లుంగీలని ఒకేసారి కిందికి దించుకున్నారు. సరంగు నా భుజం తట్టాడు. నేను ఇంటికొచ్చి, వచ్చే ఆదివారం హార్బర్‌కి రమ్మని మా నాన్నకి చెప్పాను. ఫ్రిజ్ మీద పుస్తకం వైపు కాస్త జాలిగా కూడా చూశాను.

వారం మధ్యలోనే సరంగు షెడ్డుకి తిరిగొచ్చాడు. వేట నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. మనిషి సగం అయిపోయాడు. స్టూలు మీద కూలబడ్డాడు.

“ఏటైనాది బావ?” అన్నారు గురువుగారు.

“అమ్మోరు నన్నే సూత్తంది.”

“మంచిదే గదా.”

“మంచిదే. నాను ఇటు జరిగితే ఇటు సూత్తంది. అటు జరిగితే అటు సూత్తంది. కూకుంతే కిందకి సూత్తంది. సేపల గదిలో దూరి, ఇక సూడదు గదా అని తల పైకెత్తినాను బావ. అక్కడికీ సూత్తంది.” గొంతు ఇంకా చిన్నదైపోయింది. “బీడీ ముట్టించడానికి నేదు. సలేస్తే ఓ గుక్క ఏద్దారంటే నేదు. వల సిరిగిపోతే ఓ బూతుమాట అందారంటే, నోటి దాకా వొచ్చి ఆగిపోతంది. బూతుమాట నేకండా బోటు ఎలా నడుపుతాను సెప్పు. మా కళాసీలు కేబిన్‌లోకి రావడం మానీసినారు. టీ కూడా బయట ఎట్టి ఎలిపోతన్నారు. సముద్దరం మద్దిన నానూ, ఆవిడా.”

నేను సంతోషించాలో, భయపడాలో తెలియలేదు. గురువుగారు మాత్రం తెలిసిన విషయమే వింటున్నట్టు తలాడించారు. గుంటగా తొలిచిన ముఖం అంతేనట. అవతలి వైపు నుంచి చూస్తే ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, చూసేవాడు ఎటు కదిలితే అటు తిరిగినట్టుంటుంది. నెమలి తిరిగినా ఎవరూ పట్టించుకోరు, ముఖం తిరిగితే ఊరుకోరు. దానికి తోడు నేను కళ్ళకి మెరుగు పెట్టాను. “అందుకే ముకాలు సెయ్యను” అన్నారు ఆయన. ఈ సంగతి ముందే చెప్పొచ్చు కదా గురువుగారూ అంటే, “అడగనేదు గదా” అన్నారు.

“ఇప్పుడేటి సేద్దారంటావు?” అన్నారు సరంగుతో.

“కళ్ళు మూయించీ బావ.”

“కళ్ళు మూసుకున్న అమ్మోర్ని బోటులో ఎట్టుకుని సముద్దరంలోకి ఎల్తావా?”

సరంగు ఆ దృశ్యం ఊహించుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. “పోనీ, ఓ పక్కకి సూసేటట్టు సెయ్యి.”

“ఎటేపు?”

“కళాసీలేపు.”

అది కుదరదని గురువుగారు నచ్చజెప్పారు. పక్కకి చూసేలా చేయడం గాజులో జరగదు. ముఖాన్ని మొత్తంగా అరగదీసి సాపు చేయడం ఒక్కటే దారి. అప్పుడు కిరీటం, నగలు మిగులుతాయి. మధ్యలో ఏమీ ఉండదు. (“నగలున్నాయి గదా, సాల్దా” అన్నాడు సరంగు, ఆశగా.) ఆదివారం మా నాన్న వచ్చి నగలు చూసి వెళ్తే, ఉగాది మర్నాటి నుంచి నేను కోచింగ్‌లో ఉంటాను. సరంగు చేతులు పట్టుకున్నాను. “అన్నా, ఆదివారం దాకా ఆగు. మా నాన్న వస్తారు. ఒక్కసారి చూసి వెళ్ళాక నేనే అరగదీసి ఇస్తాను” అన్నాను. నా చేత్తో నేనే అరగదీస్తానన్నప్పుడు ఏడుపొచ్చింది. తడి షెడ్డు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

సరంగు మంచివాడు. “సరే తమ్ముడూ. అందాకా తువ్వాలు కప్పుకుంతాను” అన్నాడు.

ఆదివారం తెల్లవారకముందే మా నాన్నతో హార్బర్‌కి వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు వేసుకున్నారు. వేలంపాట మంచి ఊపు మీద ఉంది. ఐసు బుట్టల మధ్య నుంచి నడుస్తూ, అడగని ప్రతివాళ్ళకీ ఇది చేప కాదని చెబుతూ వచ్చారు. జెట్టీ చివరికి రాగానే జేబులోంచి సిగరెట్ తీసి ముట్టించారు. “ఇది నువ్వు చూడలేదు” అన్నారు. చూడలేదన్నాను. నోట్లో సిగరెట్‌తోనే తాడు పట్టుకుని, బూట్లు జారుతుంటే నలుగురు కళాసీలు ఎత్తగా బోటెక్కారు.

కేబిన్‌లో అమ్మోరు మీద ఎర్ర తువ్వాలు కప్పి ఉంది. నాన్న దాని ఎదురుగా, ప్యాంటు జేబులో ఒక చెయ్యి, సిగరెట్ పట్టుకున్న చెయ్యి గాల్లో, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసర్‌లా నిలబడ్డారు. “ఏదీ, కానీ” అన్నారు. సరంగు మొహం పక్కకి తిప్పుకుని తువ్వాలు లాగేశాడు. అప్పుడే వెలుతురు వస్తోంది. మెరుగు పెట్టిన ఆ రెండు కళ్ళలోంచి హార్బర్ నీళ్ళు కనిపిస్తున్నాయి, అందువల్ల అవి సన్నగా కదులుతున్నాయి కూడా.

నాన్న చూశారు. ఆ తర్వాత ఆయన ఎడంపక్కకి జరిగారు. కుడిపక్కకి జరిగారు. జేబులో చెయ్యి బయటికొచ్చింది. గాల్లో ఉన్న చెయ్యి మెల్లగా దిగి, వీపు వెనక్కి వెళ్ళింది. సిగరెట్ బూటు కిందికి చేరింది. ఇంకో చెయ్యి చొక్కా జేబులోంచి సోంపు పొట్లం తీసి నోట్లో ఒంపింది. ఇదంతా ఆయనకి తెలిసి జరిగిందని నేను అనుకోను. గొంతు సవరించుకుని, ఆ గాజు పలక వైపు చూస్తూ, చాలా మర్యాదగా అన్నారు:

“ఆఫీసులో ఎవరో కాల్చారు. ఆ పొగ చొక్కాకి పట్టేసింది.”

నేను అప్పుడు మొదటిసారి ఆ ముఖాన్ని సరిగ్గా చూశాను. కనుబొమలు, ముక్కు, బిగించిన పెదవులు. అన్ని రోజులు వేలితో తడుముతూ నేను చెక్కింది ఎవర్నో తెలిసింది.

సరంగు గొంతు తగ్గించి అడిగాడు. “బాబుగారూ, ఈ అమ్మ మీకు తెలుసేటి?”

“పెళ్ళైన దగ్గర్నుంచి” అన్నారు నాన్న.

సరంగు ఆయన్ని పట్టుకుని బోర్లించిన పెట్టె మీద కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. ఒకే జబ్బు ఉన్న ఇద్దరు ఆసుపత్రి వరండాలో కలిసినట్టు కూర్చున్నారు. సరంగు తన బాధంతా చెప్పుకున్నాడు. బీడీ సంగతి, గుక్క సంగతి, ఆగిపోయిన బూతుమాటల సంగతి. నాన్న మధ్యమధ్యలో తలాడిస్తూ, “అవును, అలాగే ఉంటుంది”, “కింద కూర్చున్నా లాభం లేదు, నేను చూశాను” అంటూ విన్నారు. అబ్బాయి రేపు ముఖం అరగదీసి ఇస్తానన్నాడని సరంగు చెప్పేసరికి, ఆయన టీ గ్లాసు కింద పెట్టారు.

“వద్దు” అన్నారు. “ఆ పని మాత్రం చెయ్యకండి. మా ఇంట్లో ఇన్నేళ్ళుగా ఉంది. మా ఇల్లు మునగలేదు.”

సరంగు ఆ మాట దగ్గర ఆగిపోయాడు. బోటు నడిపేవాడికి మునగలేదన్న మాట ఊరికే వినపడదు. తల ఎత్తి అమ్మోర్ని చూశాడు, మా నాన్నని చూశాడు, మళ్ళీ అమ్మోర్ని చూశాడు.

“మరి మీరెలా బతుకుతన్నారు బాబూ?”

“అలవాటైపోద్ది” అన్నారు నాన్న. చొక్కా జేబులోంచి సోంపు పొట్లం తీసి ఆయన అరచేతిలో పెట్టారు. “ఇది మాత్రం దగ్గర పెట్టుకోండి.”

ముఖం అరగలేదు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు నేను స్కూటర్ నడుపుతుంటే నాన్న వెనక కూర్చున్నారు. గేటు దగ్గర దిగాక, “పని బాగుంది. మీ అమ్మకి చూపించకు” అన్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర, వాడి గాజు పని మంచిదేనని అమ్మతో చెప్పారు. అమ్మ ఆయన్ని చూసింది. ఆయన అన్నం వైపు చూసుకున్నారు. మర్నాడు బ్యాంకు పరీక్షల పుస్తకం ఫ్రిజ్ మీద లేదు. ఒక కాలు పొట్టైన కుట్టుమిషన్ కింద కనిపించింది. అక్కడ అది చాలా ఏళ్ళు మంచి ఉద్యోగం చేసింది.

ఇప్పుడు నాకు సొంత షెడ్డు ఉంది. (స్టూడియో అనాలి.) గురువుగారు ఊరెళ్ళిపోయి, ఫోన్ చేసినప్పుడల్లా తడి చూసుకోమంటున్నారు. ముఖాలు నేను మళ్ళీ చెయ్యలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి, తగువొస్తుందని చెబుతాను. నాన్న పోయి కొన్నేళ్ళైంది. ఆయన ఉన్నంతకాలం మేమిద్దరం అనుకున్న ప్రకారం అమ్మని హార్బర్ వైపు తీసుకెళ్ళలేదు. ఆయన పోయాక కూడా నేను ఆ మాట తప్పలేదు గానీ, ఈమధ్య కంటి ఆపరేషన్ అయ్యాక ఆవిడే అడిగింది. “మీ నాన్న ఎప్పుడూ నీ గాజు అమ్మవారిని మెచ్చుకునేవారు. కళ్ళు బాగు చేయించావు కదా, దాన్ని చూపించు” అంది. కాదనడానికి నాకు కారణం దొరకలేదు. దొరికినా ఆ చూపు ముందు చెప్పేవాణ్ణి కాదు.

సరంగు కొత్త బోటు కొన్నాడు. పాత బోటు అమ్మినప్పుడు గాజు పలకని మాత్రం ఊడదీసి, కొత్త దాంట్లో అదే చోట బిగించుకున్నాడు. తల నెరిసింది, గొంతు అలాగే ఉంది. అమ్మోరి కింద ఒక చిన్న అరుగు, దాని మీద మూత ఉన్న స్టీలు డబ్బా ఉన్నాయి. వేటకి వెళ్ళేముందు కళాసీలు ఒక్కొక్కరే వచ్చి, డబ్బాలోంచి చిటికెడు సోంపు తీసుకుని, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటున్నారు. ఇదేమిటని ఒక కుర్రాణ్ణి అడిగాను. “అమ్మోరికి సోంపంటే ఇష్టమండి. తాతల కాలం నుంచీ ఉన్నాది” అన్నాడు. నేను సరంగు వైపు చూశాను. సరంగు తాడు చుట్టడంలో మునిగిపోయాడు.

అమ్మ గాజు పలక ముందు నిలబడింది. ఎడంపక్కకి జరిగింది. కుడిపక్కకి జరిగింది. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

“ఎవర్రా ఈవిడ, ఇలా చూస్తోంది?” అంది. “పాపం ఈ పిల్లలు ఎలా పనిచేసుకుంటున్నారు?”

సరంగుకి దగ్గొచ్చింది. చాలాసేపు దగ్గి, తేరుకుని, “పెసాదం తీసుకో అమ్మా” అని డబ్బా ముందుకు చాపాడు. అమ్మ చిటికెడు తీసుకుని, కళ్ళకద్దుకుని, నోట్లో వేసుకుంది. నములుతూ ఆగింది. కేబిన్ గుమ్మం వైపు తిరిగి, అక్కడ ఎవరైనా ఉన్నారేమో అన్నట్టు చూసింది.

“మీ నాన్న వాసన” అంది.

ఆవిడే మళ్ళీ అంది. “ఆఫీసులో ఎవరో కాల్చారు అనేవారు.”

“నీకు తెలుసా అమ్మా?”

“తెలియకపోవడమేంట్రా. రోజూ ఆ ఒక్క మాట చెప్పడానికే గుమ్మంలో ఆగేవారు. లేకపోతే నేరుగా లోపలికెళ్ళిపోయి పేపరు చదువుకునే మనిషి. ఆగనీలే అని ఊరుకునేదాన్ని. కాసేపు చూసుకోవచ్చు కదా.”

ఇంకో చిటికెడు తీసుకుని, ఈసారి తినకుండా కొంగు చివర ముడేసుకుంది. సరంగు డబ్బా మూత పెట్టలేదు. బయట వేలంపాట సాగుతూనే ఉంది. నేను తలెత్తి గాజు పలక వైపు చూశాను. రోజుల తరబడి అగ్గిపుల్లతో ఆ కళ్ళకి మెరుగు పెట్టిన కుర్రాడికి, వాటిలో ఉన్నది కోపం తప్ప ఇంకేమీ కాదని గట్టి నమ్మకం. వాడి మీద నాకిప్పుడు కోపం లేదు, కొంచెం నవ్వొచ్చింది. ఆవిడ నన్నే చూస్తోంది. ఎందుకైనా మంచిదని చొక్కా పై గుండీ పెట్టుకున్నాను.